రన్నింగ్ బ్యాక్ నిలకడ ఎలా తెలుస్తుంది? ఈ ట్రేడ్ ఒప్పుకోవచ్చా?

ముందు మీ ప్రశ్న ఏంటో ఒకసారి చెప్పుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఉంటూ, మీ కంపెనీ అమెరికా టీంతో కలిసి పన్నెండు మంది ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ ఆడుతున్నారు, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఆటగాళ్ల ఆటను బట్టి పాయింట్లొచ్చే లీగ్. స్కోరింగ్ హాఫ్ పీపీఆర్, అంటే ప్రతి క్యాచ్‌కి అర పాయింట్. మీ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఆరు వారాల్లో తెచ్చిన పాయింట్లు 27, 6, 19, 5, 24, 9. అతన్ని ఇచ్చేసి 11, 13, 12, 14, 10, 12 తెచ్చిన ఇంకో బ్యాక్‌ని తీసుకోమని మీ మేనేజర్ ట్రేడ్ పంపాడు. మీవాడి సగటు 15, అవతలివాడిది 12. వారానికి మూడు పాయింట్లు వదులుకుని నిలకడ కొనుక్కోవడం తెలివైన పనేనా, అసలు ఒక బ్యాక్ ముందు ముందు ఎలా ఆడతాడో దేన్ని బట్టి చెప్తారు అని అడిగారు.

నేనైతే ఈ ట్రేడ్ ఒప్పుకుంటాను. పైగా మీరు వదులుకునేది ఏమీ లేదు, రాబోయే వారాల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చేది అవతలివాడే అని నా అంచనా.

మీరు పాయింట్లతో పాటు క్యారీలు (బంతితో పరిగెత్తిన సార్లు), క్యాచ్‌లు, టచ్‌డౌన్లు (బంతిని గోల్ లైన్ దాటించడం) కూడా రాయడం మంచిదైంది. లేకపోతే "చూసుకోండి మరి" అనడం తప్ప ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి. మీవాడికి ఆరు మ్యాచ్‌ల్లో 72 క్యారీలు, 8 క్యాచ్‌లు, 7 టచ్‌డౌన్లు. అవతలివాడికి 102 క్యారీలు, 18 క్యాచ్‌లు, ఒకే ఒక్క టచ్‌డౌన్. అసలు కథంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లు కదా, వాటిని పక్కన పెట్టి లెక్క చూడండి. మీవాడి 90 పాయింట్లలో 42 టచ్‌డౌన్లవే. అవి తీసేస్తే మిగిలింది 48, అంటే మ్యాచ్‌కి 8. అవతలివాడి 72లో ఒక్క టచ్‌డౌన్ తీసేస్తే 66, అంటే మ్యాచ్‌కి 11. క్యారీలు, క్యాచ్‌లు జీతం లాంటివి, నెలనెలా పడతాయి. టచ్‌డౌన్లు బోనస్. మీవాడు సగం ఇల్లు బోనస్ మీద నడుపుతున్నాడు.

ఆ బోనస్ ఇలాగే వస్తుందా అన్నది అసలు ప్రశ్న. మీవాడు దాదాపు ప్రతి పది క్యారీలకు ఒక టచ్‌డౌన్ కొడుతున్నాడు. ఇది ఎంత ఎక్కువో తెలియాలంటే పెద్ద సీజన్లు చూడాలి. 2024లో రేవెన్స్ తరఫున డెరిక్ హెన్రీ 325 క్యారీల్లో 16 కొట్టాడు, అంటే ఇరవైకి ఒకటి. అదే ఏడాది సాక్వాన్ బార్క్లీ ఈగిల్స్ తరఫున 345 క్యారీల్లో 2,005 యార్డ్‌లు పరిగెత్తి కూడా కొట్టింది 13, అంటే ఇరవై ఆరుకు ఒకటి. మామూలు బ్యాక్‌కి ముప్పైకి ఒకటి అటూ ఇటూ ఉంటుంది. మరి పదికి ఒకటి చొప్పున సీజనంతా ఎవరైనా కొట్టారా అంటే, దగ్గరిదాకా వచ్చినవాళ్లున్నారు. తర్వాత వాళ్లకేమైందో చూడండి.

రహీమ్ మోస్టర్ట్, 2023, డాల్ఫిన్స్. 209 క్యారీల్లో 18 టచ్‌డౌన్లు, క్యాచ్‌లతో కలిపి మొత్తం 21. ఆ ఏడాది సెప్టెంబర్ 24న బ్రాంకోస్ మీద డాల్ఫిన్స్ 70-20తో గెలిచిన మ్యాచ్ ఒక్కదాంట్లోనే నాలుగు కొట్టాడు. మరుసటి ఏడాది 85 క్యారీలు, 278 యార్డ్‌లు, 2 టచ్‌డౌన్లు. జమాల్ విలియమ్స్, 2022, లయన్స్. 262 క్యారీల్లో 17 టచ్‌డౌన్లు, ఆ సీజన్‌కి రన్నింగ్ టచ్‌డౌన్లలో లీగ్ మొత్తానికి టాప్. తర్వాతి ఏడాది సెయింట్స్‌కి వెళ్లాడు, 306 యార్డ్‌లు, ఒక్క టచ్‌డౌన్. ఆ వేసవి డాలస్ పక్కన మా ప్లేనో లీగ్ డ్రాఫ్ట్‌లో (సీజన్ ముందు ఆటగాళ్లను ఎంచుకునే రోజు) "పోయినేడు పదిహేడు కొట్టాడండీ" అంటూ ఒకాయన అతన్ని తీసుకుంటుంటే నేను నోరు మెదపలేదు. డ్రాఫ్ట్ రోజు పక్కవాళ్లకి ఉచిత సలహాలు ఇవ్వడం మా లీగ్‌లో ఆచారం కాదు.

ఇప్పుడు మిగతా సీజన్‌కి అంచనా వేద్దాం. మీవాడికి బాగా ఉదారంగా హెన్రీ రేటే ఇద్దాం, ఇరవైకి ఒకటి. మ్యాచ్‌కి 12 క్యారీల మీద టచ్‌డౌన్ల నుంచి 3.6 పాయింట్లు వస్తాయి. 8తో కలిపితే 11.6. అవతలివాడికి మామూలు రేటు, ముప్పైకి ఒకటి. 17 క్యారీల మీద 3.4, దానికి 11 కలిపితే 14.4. చూశారా, బరువు అటు మళ్లింది. 15కి 12 అనుకున్నది 11.6కి 14.4 అయింది. ఇది పక్కా లెక్క అనను, కానీ ఎటు మొగ్గుతుందో తెలియడానికి కాగితం మీద రెండు నిమిషాల పని.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటేయకండి. టచ్‌డౌన్లన్నీ అదృష్టం కాదు. గోల్ లైన్‌కి ఐదు యార్డ్‌ల లోపల బంతి ఎవరి చేతికిస్తున్నారు అన్నది కోచ్ నిర్ణయం, అది వారం వారం పెద్దగా మారదు. మీవాడి ఏడింటిలో ఐదారు ఒకటి రెండు యార్డ్‌ల దూరం నుంచి వచ్చినవైతే, గోల్ లైన్ దగ్గర టీం అతన్నే నమ్ముతోందన్నమాట. అప్పుడు అతని ధర కాస్త పెంచి అడగండి. ఏడింటిలో నాలుగు నలభై, యాభై యార్డ్‌ల పరుగులైతే మాత్రం ఇవాళే అమ్మేయండి. పొడవాటి పరుగులు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ ఎప్పుడొస్తాయో ఆడేవాడికే తెలియదు.

గోల్ లైన్ దగ్గర పోటీ అంటే రెండో బ్యాక్ ఒక్కడే కాదు, క్వార్టర్‌బ్యాక్‌ని (పాస్‌లు విసిరేవాణ్ణి) కూడా చూడాలి. 2023లో డియాండ్రే స్విఫ్ట్ ఈగిల్స్‌కి 229 క్యారీల్లో 1,049 యార్డ్‌లు పరిగెత్తాడు. టచ్‌డౌన్లు ఎన్ని అనుకుంటున్నారు? ఐదు. ఆ ఏడాది వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్ ఒక్కడే పరిగెత్తి కొట్టినవి పదిహేను. యార్డ్ దూరంలో అందరూ కలిసి వెనకనుంచి క్వార్టర్‌బ్యాక్‌ని తోసేస్తుంటే రన్నింగ్ బ్యాక్‌కి మిగిలేదేముంటుంది! బార్క్లీ అంత గొప్ప సీజన్‌లోనూ హర్ట్స్ 14, తను 13. క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తే టీంలో బ్యాక్‌ని కొనేటప్పుడు ఈ కోత లెక్కలో వేసుకోవాలి.

ఇక నిలకడ. చాలామంది పాయింట్ల హెచ్చుతగ్గులు చూసి నిలకడ ఉందీ లేదూ అంటారు. నేను పాయింట్లు ఆఖర్న చూస్తాను. మంగళవారం సాయంత్రం కాఫీ కప్పు పట్టుకుని నేను చూసేది మూడే: టీం ఆడిన స్నాప్‌లలో (బంతి కదిలించిన ప్రతిసారీ ఒక స్నాప్) అతను ఎన్నింటికి మైదానంలో ఉన్నాడు, టీం మొత్తం క్యారీల్లో అతనివెన్ని, పాస్‌లు అతని వైపు ఎన్ని విసిరారు. పని నిలకడగా ఉంటే పాయింట్లు వాటంతటవే సర్దుకుంటాయి. పని ఊగుతుంటే పాయింట్లు ఎంత బాగున్నా భయపడాలి. మీవాడి క్యారీలు వరసగా 14, 11, 13, 9, 15, 10. స్నాప్‌లు సగం చుట్టూ. టీం గెలుస్తున్న మూడు వారాల్లో 13 నుంచి 15, ఓడిన మూడు వారాల్లో 9 నుంచి 11 అని మీరే రాశారు. అంటే టీం వెనకబడగానే పాస్‌లు మొదలవుతాయి, ఇతను బయటికి వస్తాడు, క్యాచ్‌లు పట్టేవాడు లోపలికి వెళ్తాడు. ఇలాంటి బ్యాక్‌కి నిలకడ తన చేతిలో లేదు, స్కోర్‌బోర్డ్ చేతిలో ఉంది. అవతలివాడికి 16 కన్నా తగ్గలేదు, 18 కన్నా పెరగలేదు. గెలుపైనా ఓటమైనా అతనే ఆడుతున్నాడు.

పాస్‌ల సంగతి కొత్తవాళ్లు తక్కువగా చూస్తారు. మీ హాఫ్ పీపీఆర్‌లో ఒక క్యారీ అంటే నాలుగు యార్డ్‌ల పైచిలుకు, అర పాయింట్ కూడా కాదు. బ్యాక్ వైపు విసిరిన ఒక పాస్ సగటున ఒక పాయింట్‌కి దగ్గరగా ఉంటుంది. ఫుల్ పీపీఆర్ అయితే ఇంకా ఎక్కువ. 2019లో పాంథర్స్‌కి ఆడిన క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ ఎందుకంత పెద్దవాడయ్యాడు? 1,387 యార్డ్‌లు పరిగెత్తినందుకు మాత్రమే కాదు, 116 క్యాచ్‌లు పట్టి ఇంకో 1,005 యార్డ్‌లు తెచ్చినందుకు. పరుగుకి దారి దొరకని రోజు కూడా ఏడెనిమిది క్యాచ్‌లతో ఒడ్డున పడేవాడు. బ్యాక్‌కి చెడ్డ రోజున కనీసం ఎంతొస్తుంది అన్నది తేల్చేది ఈ క్యాచ్‌లే.

ఒక్కో చెడ్డ వారాన్ని ఎలా చదవాలన్నదీ ముఖ్యమే. 2023 అక్టోబర్ 22న బక్కనీర్స్ మీద బిజాన్ రాబిన్‌సన్‌కి వచ్చింది ఒక్క క్యారీ, మూడు యార్డ్‌లు. తలనొప్పిగా ఉందని కూర్చోబెట్టారు. ఆ సంగతి ముందు చెప్పకపోవడంతో అతన్ని ఆడించినవాళ్లు లబోదిబోమన్నారు. మా లీగ్‌లో ఒకాయన మర్నాడే అతన్ని ట్రేడ్‌కి పెట్టేశాడు. కానీ ఆ వారానికి అతని పాత్రతో సంబంధం లేదు. అలాంటి వారాన్ని నేను లెక్కలోంచి తీసేస్తాను. అదే బ్యాక్ ఒళ్లు బాగుండి, మ్యాచంతా బెంచ్ మీద నిలబడి ఐదు క్యారీలతో సరిపెట్టుకుంటే, ఆ వారాన్ని రెండుసార్లు లెక్కేస్తాను. 2024కి రాబిన్‌సన్ 1,456 యార్డ్‌లు, 14 రన్నింగ్ టచ్‌డౌన్లు, 61 క్యాచ్‌లకు చేరాడు.

గాయాలను నిలకడతో కలపకండి. ఆడిన మ్యాచ్‌ల్లో ఎలా ఆడాడు అన్నది ఒక లెక్క, ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడు అన్నది వేరే లెక్క. మెక్‌కాఫ్రీ 2020లో ఆడింది మూడు మ్యాచ్‌లు, 2021లో ఏడు. 2023లో ఫార్టీనైనర్స్ తరఫున 1,459 యార్డ్‌లు, మొత్తం 21 టచ్‌డౌన్లు. 2024లో చాలా డ్రాఫ్ట్‌లలో అందరికన్నా ముందు అమ్ముడుపోయి నాలుగే మ్యాచ్‌లు ఆడాడు. అతను లేని తొలి మ్యాచ్‌లో జెట్స్ మీద జోర్డన్ మేసన్ 28 క్యారీలు, 147 యార్డ్‌లు, ఒక టచ్‌డౌన్. పెద్ద బ్యాక్ మీ దగ్గరుంటే అతని వెనకున్నవాణ్ణి కూడా బెంచ్ మీద పెట్టుకోమనేది ఇందుకే.

రాబోయే విలువ విషయానికొస్తే, అందరూ ముందుగా షెడ్యూల్ చూస్తారు, ఏ వారం ఏ డిఫెన్స్ అని. నేను దానికి తక్కువ మార్కులే వేస్తాను. సెప్టెంబర్‌లో దుర్భేద్యం అనిపించిన డిఫెన్స్ నవంబర్‌కి ఇద్దరు గాయపడితే జల్లెడ అవుతుంది. షెడ్యూల్‌లో తప్పక చూడాల్సినవి రెండే: బై వీక్ (టీంకి మ్యాచ్ లేని వారం) ఎప్పుడు, మీ లీగ్ ప్లేఆఫ్స్ జరిగే 15, 16, 17 వారాల్లో ఎవరితో. అంతకన్నా ముఖ్యం, పని ఎటు కదులుతోంది అన్నది. బ్యాక్‌కి దారి తెరిచే ముందు లైన్‌లో ఎవరైనా గాయపడ్డారా, గాయంతో బయటున్న పాత బ్యాక్ ఎప్పుడొస్తున్నాడు, కొత్త కుర్రాడికి వారానికి రెండు మూడు స్నాప్‌లు పెరుగుతున్నాయా? మీవాడి వెనకున్న కుర్రాడి స్నాప్‌లు తొలి వారం 20 శాతం నుంచి ఆరో వారానికి 38 శాతానికి వెళ్లాయని రాశారు. నాకు మీ ప్రశ్నలో అన్నిటికన్నా పెద్ద ప్రమాద ఘంటిక ఇదే. పాయింట్లు బాగున్నంత కాలం ఎవరూ దీన్ని పట్టించుకోరు కాబట్టే మీవాడికి ఇవాళ ఇంత ధర పలుకుతోంది.

దీనికి తిరగేసిన కేసు జమీర్ గిబ్స్‌ది. 2024లో లయన్స్‌లో గిబ్స్, డేవిడ్ మాంట్‌గొమరీ పని పంచుకునేవారు. డిసెంబర్ మధ్యలో బిల్స్ మీద ఆడుతూ మాంట్‌గొమరీ మోకాలికి దెబ్బ తగిలింది. పంచుకునే పనంతా గిబ్స్‌కి వచ్చేసింది, అదీ సరిగ్గా ఫ్యాంటసీ ప్లేఆఫ్స్ రోజుల్లో. సీజన్ ఆఖరి మ్యాచ్‌లో వైకింగ్స్ మీద నాలుగు టచ్‌డౌన్లు కొట్టాడు. పాపం, అప్పటికి చాలా లీగ్‌లు ముగిసిపోయాయి.

"తక్కువ బంతులిస్తేనే ఇంత బాగా ఆడుతున్నాడు, ఎక్కువిస్తే ఇంకెలా ఆడతాడో" అన్న మాట వింటే మాత్రం జాగ్రత్తపడండి. మా డాలస్‌లో ప్రతి ఇంట్లో వినిపించిన మాట ఇది, 2022లో టోనీ పోలార్డ్ గురించి. అప్పుడు 193 క్యారీల్లో 1,007 యార్డ్‌లు. 2023 మార్చిలో కౌబాయ్స్ ఎజెకీల్ ఎలియట్‌ని వదిలేసి పనంతా పోలార్డ్‌కి ఇచ్చారు. 252 క్యారీల్లో 1,005 యార్డ్‌లు. యాభై తొమ్మిది క్యారీలు ఎక్కువ, రెండు యార్డ్‌లు తక్కువ! అంతకుముందు జనవరిలో కాలు విరిగిన సంగతి నిజమే, అది కూడా కారణమే. కానీ క్యారీకి ఎన్ని యార్డ్‌లు అన్న లెక్క తక్కువ పని మీద చూసినప్పుడు బాగా మోసం చేస్తుంది.

వచ్చే ఏడాదికి కూడా ఉంచుకోవచ్చా అని చివర్లో అడిగారు. మీ లీగ్‌లో ఆటగాళ్లను ఉంచుకునే నియమం ఉంటేనే ఆలోచించండి. బ్యాక్‌లకి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దాటాక ధర తగ్గించే చూస్తాను. హెన్రీ ముప్పై ఏళ్ల వయసులో 1,921 యార్డ్‌లు పరిగెత్తాడంటారా, అతను అందరిలాంటివాడు కాదు, అతన్ని చూసి ఇంకొకరిని కొనకండి. ఆ హెన్రీకే 2020లో 378 క్యారీలు మోశాక మరుసటి ఏడాది ఎనిమిది మ్యాచ్‌లకే పాదం విరిగింది. డిమార్కో ముర్రే 2014లో 392 క్యారీల్లో 1,845 యార్డ్‌లు పరిగెత్తి, మరుసటి ఏడాది ఈగిల్స్‌లో 702 దగ్గర ఆగాడు.

నిలకడ ఎప్పుడూ మంచిదే అనుకోకండి, అది మీ టీంని బట్టి. మిగతా టీం బలంగా ఉంటే వారానికి 12 తప్పకుండా తెచ్చేవాడు బంగారం. మీరు పట్టికలో అడుగున ఉండి, ప్రతివారం మీకన్నా గట్టి టీంతో ఆడాల్సొస్తే, 27 తేగలిగేవాడే గెలిపిస్తాడు, 5 తెచ్చిన వారం ఎలాగూ ఓడేవాళ్లే. మీరు నాలుగు గెలిచి రెండు ఓడారు కాబట్టి మొదటి మాటే మీకు వర్తిస్తుంది.

హైదరాబాద్ నుంచి ఆడేవాళ్లకి ఇంకో రెండు మాటలు. డ్రీమ్11 అలవాటుతో చాలామంది మ్యాచ్ ముందు ఒక్కసారి టీం చూసుకుని వదిలేస్తారు. ఇక్కడ బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీస్ రిపోర్టులు చూడాలి. శుక్రవారం కూడా ప్రాక్టీస్ చేయని బ్యాక్ ఆదివారం ఆడటం అరుదు. ఎవరు ఆడట్లేదన్నది మ్యాచ్‌కి గంటన్నర ముందు చెప్తారు. ఆదివారం తొలి మ్యాచ్‌లకి అది మీ టైం ప్రకారం రాత్రి 9 గంటలు, నవంబర్‌లో అమెరికాలో గడియారాలు మార్చాక 10. ఫోన్లో అలారం పెట్టేసుకోండి. గురువారం మ్యాచ్ మీకు శుక్రవారం తెల్లవారుజామున 5:45కి (గడియారాలు మార్చాక 6:45కి) పడుతుంది కాబట్టి పడుకోబోయే ముందే లైనప్ సర్దుకోవాలి. ఆ మ్యాచ్ ఆడేవాణ్ణి ఫ్లెక్స్‌లో (బ్యాక్‌నైనా, పాస్‌లు పట్టే రిసీవర్‌నైనా పెట్టుకోగల స్లాట్) కాకుండా రన్నింగ్ బ్యాక్ స్లాట్‌లోనే పెట్టండి, ఆదివారం ఎవరైనా ఆడకపోతే ఫ్లెక్స్ ఖాళీగా ఉంటుంది.

ట్రేడ్‌ని ఎలా ఒప్పుకోవాలంటే, వెంటనే "సరే" నొక్కకండి. మీ మేనేజర్ కళ్లకి ఇప్పుడు కనిపిస్తున్నది 15, 12 అన్న సగటులే. కాబట్టి "మూడు పాయింట్లు తగ్గుతున్నాయి కదా, బెంచ్ మీదున్న ఒక రిసీవర్‌ని కూడా కలపండి" అని మర్యాదగా తిరిగి పంపండి. కాదంటే మామూలుగానే ఒప్పుకోండి, బేరం కోసం ట్రేడే పోగొట్టుకోవద్దు. కానీ ఏడో వారం మ్యాచ్‌లు మొదలయ్యే లోపు తేల్చేయండి. మీవాడు ఇంకో 6 పాయింట్ల వారం తెచ్చాడంటే ఈ ఆఫర్ మళ్లీ రాదు. ఆయన బెంచ్ మీద రిసీవర్లు ఎవరెవరున్నారో కింద రాయండి, ఎవర్ని అడగాలో చెప్తాను.